జర్మనీలో ఒకటో తరగతి తొలిరోజు: అట్ట పొట్లం దగ్గర నుంచి మొదటి గంట దాకా

జర్మనీలో పిల్లలు ఒకటో తరగతిలో అడుగుపెట్టే రోజుకు ఐన్‌షూలుంగ్ అని పేరు. ఆ రోజు కోసం తాతయ్యలు, నానమ్మలు వేరే ఊళ్ల నుంచి రైలెక్కి వస్తారు. అమ్మానాన్నలు ఆఫీసుకు సెలవు పెడతారు. పిల్లలు తమ ఎత్తులో సగానికి మించిన, మిఠాయిలు, చిన్న కానుకలు నింపిన, శంకువు ఆకారపు రంగురంగుల అట్ట పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని బడికి నడుస్తారు. ఆ పొట్లమే షూల్‌ట్యూటె. తూర్పు జర్మనీలో దాన్నే త్సుకర్‌ట్యూటె అంటారు.

ఈ ఆచారం పుట్టింది సాక్సనీ, తురింగియా ప్రాంతాల్లో. యేనాలో 1817 నాటికి, డ్రెస్డెన్‌లో 1820 నాటికి, లైప్‌జిగ్‌లో 1836 నాటికి దీని జాడలు కనిపిస్తాయి. బడి నేలమాళిగలో పొట్లాలు కాసే చెట్టు ఒకటి ఉంటుందని, పొట్లం చేతికి అందేంత పెరిగితే బడి ఈడు వచ్చినట్టేనని అక్కడి పిల్లలకు చెప్పేవారు. ఇప్పటికీ తూర్పు ప్రాంతపు కిండర్‌గార్టెన్‌లలో బడి మొదలవడానికి ముందు వేసవిలో ఈ పొట్లాల పండుగ చేస్తారు. తోటలో చెట్టుకు చిన్న పొట్లాలు కట్టి పిల్లల చేత కోయిస్తారు.

బిడ్డను బడిలో చేర్చే మొత్తం పనిని ఏడాదికి పరచుకుంటే హాయిగా సాగుతుంది. ఆగస్టులో మొదలుపెడితే మాత్రం అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ముందటి శరదృతువు: వయసు, నమోదు, టీకాలు

మీ బిడ్డ ఏ ఏడాది చేరాలన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో సెప్టెంబరు 30 నాటికి ఆరేళ్లు నిండాలి. సాక్సనీ, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లలో ఆ గడువు జూన్ 30. బవేరియాలో జూలై 1 నుంచి సెప్టెంబరు 30 మధ్య ఆరేళ్లు నిండే పిల్లల్ని అదే ఏడాది పంపాలా, మరో ఏడాది ఆగాలా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. అందుకని ఇంకో నగరంలో ఉన్న స్నేహితుల అనుభవం మీకు పనికిరాకపోవచ్చు. మీ రాష్ట్రం నిబంధనే చూసుకోండి.

నివాసం నమోదై ఉంటే ఉత్తరం ఇంటికే వస్తుంది. చాలా రాష్ట్రాల్లో బడి మొదలవడానికి ముందటి ఏడాది శరదృతువులోనే పేరు నమోదు చేయించాలి. బవేరియాలో అది వసంతకాలంలో జరుగుతుంది. పుట్టిన సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, నివాస పత్రం, టీకాల కార్డు దగ్గర పెట్టుకోండి. సర్టిఫికెట్టు తెలుగులో ఉంటే ప్రమాణ అనువాదకుల చేత జర్మన్‌లోకి మార్పించాలి. దానికి వారాలు పడుతుంది కాబట్టి ఉత్తరం వచ్చేదాకా ఆగవద్దు.

తట్టు టీకా రుజువు లేకుండా పని జరగదు. 2020 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం బడిలో చేరే పిల్లలకు రెండు డోసులు వేసినట్టు చూపించాలి. మన దేశంలో మొదటి డోసు తరచుగా తొమ్మిదో నెలలోనే వేస్తారు, జర్మనీలో మాత్రం దాన్ని కొంచెం ఆలస్యంగా వేస్తారు. భారతదేశంలో టీకాలు వేయించిన వాళ్లు ఆ కార్డును పిల్లల డాక్టరుకు చూపించి, జర్మన్ టీకా పుస్తకంలోకి ఎక్కించుకోవాలి. చేతిరాత కార్డులో తేదీ సరిగా కనబడకపోతే ఈ దశలోనే తెలిసిపోతుంది.

దీని తర్వాత ఆరోగ్య శాఖ పరీక్షకు పిలుస్తుంది. చూపు, వినికిడి, ఒంటికాలి మీద గెంతడం, బొమ్మ గీయడం, జర్మన్‌లో మాట్లాడటం చూస్తారు. ఇందులో పాస్, ఫెయిల్ అంటూ ఉండవు. బిడ్డకు ఏ సాయం కావాలో తెలుసుకోవడమే దీని ఉద్దేశం. అందుకే నాలుగు జర్మన్ వాక్యాలు బట్టీ పట్టించి పంపడం నష్టమే. అవసరమైన భాషా తరగతి దానివల్ల చేజారిపోవచ్చు.

తెలుగు కుటుంబాలు తప్పక చూసుకోవాల్సిన విషయం పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముంటే జర్మన్ కాగితాల్లో అదే ఇంటిపేరు అవుతుంది. అక్కడ తండ్రి పేరున్నా, గడి ఖాళీగా ఉన్నా, ఇంట్లో పిలిచే పేరు వెనక్కి పోవచ్చు. తొలిరోజు సభలో పిల్లల్ని ఒక్కొక్కరిగా పేరు పెట్టి వేదిక మీదికి పిలుస్తారు. వినిపించినది తన పేరేనని తెలియక కూర్చునే ఉండిపోయే పిల్లలున్నారు. జర్మన్‌లో ఇంగ్లిష్ జె అక్షరాన్ని ‘య’ అని చదువుతారు కాబట్టి జాహ్నవి కాస్తా యానవి అవుతుంది. జూలైలోనే టీచరుకు ఒక చిన్న ఉత్తరం రాయండి. అందులో పిలిచే పేరు ఏదో చెప్పి, దాన్ని జర్మన్ ఉచ్చారణకు దగ్గరగా ఉండే స్పెల్లింగులో రాసిపెట్టండి. టీచర్లు దీన్ని ఇష్టంగానే తీసుకుంటారు.

బడి అయ్యాక పిల్లలుండే హోర్ట్‌కు వేరే దరఖాస్తు పెట్టాలి. 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలకు రోజంతా సంరక్షణ చట్టబద్ధమైన హక్కు. హక్కు ఉన్నా దరఖాస్తు మీరే చేసుకోవాలి.

వసంతం: వీపు మీది బ్యాగు

జర్మనీలో ఒకటో తరగతి బ్యాగును రాంట్సెన్ అంటారు. ఆకారం నిలిచి ఉండే పెట్టెలాంటి బ్యాగు ఇది. కొత్త బ్యాగు ధర చాలాసార్లు 150 యూరోలు దాటుతుంది, 250 కూడా పెడతారు. కొనే బాధ్యత తరచుగా తాతయ్య, నానమ్మలు తీసుకుంటారు. కొత్త మోడళ్లు చలికాలంలోనే వస్తాయి కాబట్టి పాత ఏడాది మోడల్ తక్కువకు దొరుకుతుంది. బిడ్డకు తేడా తెలియదు.

దుకాణానికి బిడ్డను తీసుకెళ్లి, బ్యాగులో రెండు కిలోల పుస్తకాలు వేయించి వీపుకు తగిలించి చూడండి. పై అంచు భుజాల ఎత్తులో ఉండాలి, వెడల్పు భుజాలను దాటకూడదు, పట్టీలు కనీసం 4 సెంటీమీటర్ల వెడల్పుండాలి. ఖాళీ బ్యాగు బరువు 1.3 కిలోలు మించకపోతే మంచిది. డిన్ 58124 అనే ప్రమాణం రాసి ఉందేమో చూడండి. అలా రాసి ఉంటే బ్యాగు ముందు, పక్క భాగాల్లో కనీసం 20 శాతం మెరిసే రంగు, 10 శాతం వెలుతురును తిప్పికొట్టే పట్టీ ఉన్నట్టు. నవంబరులో ఉదయం ఏడున్నరకు బయట ఇంకా మసకగానే ఉంటుంది. బొమ్మ ఎంత నచ్చినా ముదురు నీలం, నలుపు బ్యాగుల్లో ఈ పట్టీలు తక్కువైతే పక్కన పెట్టండి.

వేసవి సెలవులకు ముందు బడి సామాన్ల జాబితా ఇస్తుంది. లావుపాటి మూడు పలకల పెన్సిళ్లు, 12 రంగుల నీటిరంగుల పెట్టె, జిగురు కడ్డీ, కత్తెర, ఒకటో తరగతి గీతల నోటుపుస్తకాలు, సబ్జెక్టుకో రంగు అట్ట, ఆటల బూట్లు, తరగతిలో వేసుకునే చెప్పులు ఉంటాయి. జాబితాలో ఉన్నదే కొనండి, నోటుపుస్తకాల గీతల నంబరు కూడా అదే ఉండాలి. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెర వేరుగా ఉంటుంది. మామూలు కత్తెరతో వాళ్ల చేతిలో కాగితం తెగదు, నలిగిపోతుంది. ప్రతి పెన్సిలు మీద, ప్రతి బూటు లోపల పేరు రాయాలి. ఒకే తరగతిలో ఇరవైమందికి అవే పెన్సిళ్లుంటాయి. పేరు అంటించడానికి ఒక సాయంత్రం పూర్తిగా పోతుందని లెక్క వేసుకోండి.

జూలై: పొట్లం చేయడం

కొలత ముందు తేల్చుకోవాలి. పశ్చిమ జర్మనీలో 70 సెంటీమీటర్ల గుండ్రటి పొట్లం మామూలు. తూర్పున 85 సెంటీమీటర్లది, ఆరు పలకలది. లైప్‌జిగ్‌లో 70 తీసుకెళ్తే చుట్టూ ఉన్నవాటి పక్కన చిన్నగా కనిపిస్తుంది. మ్యూనిక్‌లో 85 తీసుకెళ్తే బిడ్డకు బరువు తప్ప లాభం లేదు. చాలా కిండర్‌గార్టెన్‌లు వసంతంలో పొట్లాల తయారీ సాయంత్రాలు పెడతాయి. అక్కడ సామాను, సాయం రెండూ దొరుకుతాయి. ఆరు పలకలది మొదటిసారి చేసేవాళ్లు అట్ట డొల్లను కొనుక్కుని అలంకరణ మాత్రం చేసుకోవడం మేలు. గుండ్రటిది ఇంట్లోనే తేలిగ్గా వస్తుంది.

కావలసినవి: 70×100 సెంటీమీటర్ల, 300 గ్రాముల దళసరి అట్ట ఒకటి. క్రేప్ కాగితం ఒక చుట్ట. రెండువైపులా అంటే టేపు. కాగితపు టేపు. వేడి జిగురు గన్. మీటరున్నర శాటిన్ రిబ్బను. బట్టలకు పెట్టే క్లిప్పులు. దారం, పెన్సిలు. మామూలుగా దొరికే 50×70 అట్ట చాలదు. దాని మూల నుంచి కోస్తే పొట్లం మూతి 17 సెంటీమీటర్ల లోపే వస్తుంది, ఓ మోస్తరు పుస్తకం కూడా దూరదు.

1. అట్టను బల్ల మీద పరిచి, ఒక మూలలో దారం కొస నొక్కి పట్టుకోండి. దారం రెండో కొసకు పెన్సిలు కట్టి, మధ్యలో సరిగ్గా 70 సెంటీమీటర్లు ఉండేలా చూసి, అట్ట అంచు నుంచి మొదలుపెట్టి వంపు గీయండి.

2. ఆ వంపు వెంట టేపు కొలతతో 66 సెంటీమీటర్లు కొలిచి గుర్తు పెట్టండి. గుర్తు నుంచి మూలకు తిన్నని గీత గీసి కోయండి. 66లో 63 పొట్లం చుట్టుకొలత, 3 అతుకు. మూతి అడ్డంగా 20 సెంటీమీటర్లు వస్తుంది.

3. చుట్టే ముందు అట్టను బల్ల అంచు మీద లోపలివైపు కిందకు ఉండేలా పెట్టి, రెండు మూడుసార్లు మెల్లగా లాగండి. అట్ట వంపు తిరుగుతుంది. ఇది చేయకుండా చుడితే మధ్యలో మడతలు పడి, ఆ మడతలు అలంకరణ కింద కూడా కనిపిస్తాయి.

4. ఒక అంచు పొడవునా రెండువైపుల టేపు అంటించి చుట్టండి. మూతి దగ్గర క్లిప్పు పెట్టి, అతుకు మీద లోపలి నుంచి వేడి జిగురు గీత వేయండి.

5. కొనకు చివరి 10 సెంటీమీటర్లు కాగితపు టేపు గట్టిగా చుట్టండి. మూతి దగ్గర 3 సెంటీమీటర్లున్న అతుకు కొన దగ్గరికి వచ్చేసరికి సున్నా అవుతుంది. పిల్లలు అలసిపోగానే పొట్లాన్ని నేలకు ఆనిస్తారు, ఆ బరువంతా కొన మీదే పడుతుంది. పొట్లాలు విడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

6. క్రేప్ కాగితాన్ని 70 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా కోయండి. 5 సెంటీమీటర్లు మూతి లోపలికి పోనిచ్చి, చిన్న చిన్న చుక్కలుగా జిగురు పెట్టి చుట్టూ అంటించండి. పైన మిగిలిన 25 సెంటీమీటర్లు రిబ్బనుతో కట్టడానికి. క్రేప్‌లోని సన్నటి ముడతలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే మూతి చుట్టూ సాగదు, కట్టేటప్పుడు చిరుగుతుంది.

7. అలంకరణ బిడ్డకు నచ్చింది చేయండి, పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒకవైపు, అంటే బిడ్డ ఛాతీకి ఆనే వైపు, ఏమీ ఉబ్బెత్తుగా అంటించవద్దు. మోచేయి రాసుకుని అవే ముందు ఊడిపోతాయి.

క్రేప్ తడిస్తే రంగు వదులుతుంది. ఆ రోజు వేసుకునేది తెల్ల చొక్కా అయితే ఇంక చెప్పక్కర్లేదు. పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచి ఒకటి మడిచి బ్యాగులో ఉంచుకోండి. బట్టతో కుట్టిన తొడుగులు కూడా దొరుకుతాయి. లోపల అట్ట డొల్ల ఉంటుంది, పండుగ అయ్యాక డొల్ల తీసేసి దూది నింపితే దిండు అవుతుంది. వానకు, ఏళ్ల తరబడి దాచుకోవడానికి అవే మేలు.

చిన్న తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే వాళ్లకూ 35 సెంటీమీటర్ల లోపు బుల్లి పొట్లం చేయడం ఇక్కడి అలవాటు. ఇది మంచి అలవాటు. ఆ రోజు అందరి చూపూ పెద్దవాడి మీదే ఉంటుంది.

నింపడం

వేరుశెనగల పొట్లం కట్టిన చేతికి ఇది తెలిసిన విషయమే: సరుకంతా పై భాగంలోనే పడుతుంది. 70 సెంటీమీటర్ల పొట్లంలో మొత్తం పట్టేది సుమారు 7 లీటర్లు. అందులో కింది సగం పొడవులో పట్టేది ఎనిమిదో వంతు, లీటరు కూడా లేదు. అడుగు 20 సెంటీమీటర్లలో గ్లాసుడు చోటు కూడా ఉండదు. కాబట్టి ఆ 20 సెంటీమీటర్లను నలిపిన వార్తాపత్రికలతో బిగించి నింపండి. పోయే చోటు ఏమీ లేదు, కొనకు మాత్రం బలం వస్తుంది. ‘మోసం చేసి కాగితాలు కుక్కారు’ అని ఎవరూ అనుకోరు, జర్మన్ ఇళ్లలోనూ ఇదే చేస్తారు.

దాని మీద మేజోళ్లు, చిన్న బంతి, రబ్బర్లు లాంటివి. బరువైనవి, అంటే పుస్తకం, అలారం గడియారం, నీళ్ల సీసా, మధ్యభాగంలో బిడ్డ చేతులు పట్టుకునే చోటికి దగ్గరగా రావాలి. మూతి దగ్గర బరువు పెడితే పొట్లం ముందుకు వాలి, మొదటి ఫొటోకే బిడ్డ చేతులు దించేస్తుంది. పైన తేలికైన మెత్తటి బొమ్మ ఒకటి, క్రేప్‌కు ఆకారం నిలబెట్టడానికి. అంతా కలిపి కిలోన్నర దాటకుండా చూడండి. ఇంట్లో తూకం మీద పెట్టి చూడటం రెండు నిమిషాల పని. బ్యాగు కూడా అదే రోజు వీపు మీద ఉంటుందని మర్చిపోవద్దు.

తినేవాటిలో చాక్లెట్లు తగ్గించండి. ఆగస్టు ఎండలో రెండు గంటలు బయట ఉంటే కరిగి పుస్తకానికి అంటుకుంటాయి. పళ్ల రుచి మిఠాయిలు, బిస్కెట్లు నయం. శాకాహార కుటుంబాలు గమనించాల్సింది: జెల్లీ మిఠాయిల్లో చాలావరకు జెలటిన్ ఉంటుంది, అది తరచుగా పంది నుంచి తీసినది. వెగన్ అని రాసి ఉన్నవి చాలా దుకాణాల్లో దొరుకుతాయి. తాడాట తాడు, స్నేహితులు తమ గురించి రాసే ఫ్రాయిండెబూఖ్ అనే పుస్తకం, సైకిలుకు గంట, ఈతకొలను టికెట్టు, తెలుగు బొమ్మల పుస్తకం చక్కగా కుదురుతాయి. ఇంతకు మించి ఖరీదైన వస్తువులు వద్దు. పిల్లలు మర్నాడే ఒకరితో ఒకరు పోల్చుకుంటారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బడిలో ఆ రోజు కావాల్సినదేదీ పొట్లంలో పెట్టవద్దు. పొట్లం ఇంటికి వచ్చాకే విప్పుతారు, మొదటి పాఠానికి పెన్సిలు అప్పుడే కావాలి. రిబ్బనుకు ముడి కాకుండా లాగితే విడిపోయే బో వేయండి.

సెలవుల ఆఖరి వారాలు: నడక

జర్మనీలో ఒకటో తరగతి పిల్లలు కొద్ది వారాలకే తమంతట తాము నడిచి వెళ్లాలని బడి ఆశిస్తుంది. బడి వేళకే, ఉదయం ఏడున్నరకు, అదే దారిలో కలిసి నడవండి. ఆదివారం ఖాళీ రోడ్డు మీద చేసే సాధన పనికిరాదు. మొదట మీరు దారి చూపండి, తర్వాత బిడ్డ మీకు దారి చూపాలి, చివర మీరు నాలుగడుగులు వెనక నడవండి. చాలా నగరాలు బడి దారి మ్యాపులు ఇస్తాయి. దగ్గరి దారి కంటే తక్కువ వీధులు దాటే దారి మేలు. బడి గేటు ముందు కార్లు ఆపి పిల్లల్ని దింపడాన్ని బడులు గట్టిగా వద్దంటాయి, నడిచి వచ్చే పిల్లలకు ఆ కార్లే ప్రమాదం.

వేసవిలో ఇండియాకు వెళ్లేవాళ్లు తిరుగు టికెట్టు బడి తేదీకి కనీసం వారం ముందు ఉండేలా చూసుకోండి. బడికి రావడం చట్టపరమైన బాధ్యత. విమానం చవకని ఆలస్యంగా వస్తే జరిమానా పడవచ్చు, తొలిరోజు సభ మళ్లీ రాదు.

ఆ రోజు

బెర్లిన్‌లో, సాక్సనీలో ఇది శనివారం, పాఠాలు సోమవారం మొదలవుతాయి. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో సాధారణంగా బడి తెరిచిన మర్నాడు. బవేరియాలో సెప్టెంబరులో, మంగళవారం, మిగతా తరగతులతో పాటే. పనిరోజు అయితే సెలవు ముందే అడిగి ఉంచుకోండి. తూర్పు ప్రాంతాల్లో మధ్యాహ్నం విందు పెద్దఎత్తున జరుగుతుంది, అక్కడ హోటల్లో బల్ల కావాలంటే నెలల ముందే చెప్పాలి.

చాలాచోట్ల ఉదయం చర్చిలో ప్రార్థన ఉంటుంది. అది ఇష్టమైన వాళ్లకే. ఏ మతం వాళ్లైనా వెళ్లవచ్చు, వెళ్లకపోయినా ఎవరూ ఏమనుకోరు. ఇంటి దగ్గర దేవుడికి దీపం పెట్టి బయలుదేరే తెలుగు కుటుంబాలున్నాయి. అక్షరాభ్యాసం ఎప్పుడో అయిపోయిన పిల్లలకు ఇది రెండో ముహూర్తం లాంటిది.

సభకు 20 నిమిషాలు ముందు చేరండి. కొన్ని బడులు కుటుంబానికి ఇంతమంది అని పరిమితి పెడతాయి. ఊరి నుంచి అమ్మమ్మ, తాతయ్య వస్తుంటే జూలైలోనే అడిగి తెలుసుకోండి. రెండో, మూడో తరగతి పిల్లలు పాటలు పాడతారు, ప్రధానోపాధ్యాయులు మాట్లాడతారు, తర్వాత పేర్లు పిలుస్తారు. చాలా బడుల్లో చేయి పట్టుకుని నడిపించడానికి పై తరగతి పిల్లల్లోంచి ఒక తోడును ఇస్తారు. పిల్లలు టీచరుతో కలిసి తరగతికి వెళ్లి తొలి పాఠం వింటారు, దాదాపు 45 నిమిషాలు. పెద్దవాళ్లు ఆ సమయంలో బయట కాఫీ, కేకు తీసుకుంటారు. వాటిని తెచ్చేది మామూలుగా రెండో తరగతి తల్లిదండ్రులు, వచ్చే ఏడాది ఆ వంతు మీది. తరగతి తలుపు దాకా వెంట వెళ్లవద్దు. అమ్మ కిటికీలోంచి చూస్తుంటే ఏడవని పిల్లలు కూడా ఏడుస్తారు.

పొట్లం తరగతిలోకి వెళ్తుందా, మీ చేతిలో ఉంటుందా అన్నది ఒక్కో బడిలో ఒక్కోలా ఉంటుంది. ఫొటో సభకు ముందే తీయండి. తర్వాత పిల్లలు అలసిపోతారు, క్రేప్ నలిగిపోతుంది. పక్క పిల్లల ముఖాలు పడిన ఫొటోలను వాళ్ల తల్లిదండ్రుల్ని అడగకుండా వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టవద్దు. ఈ విషయంలో ఇక్కడివాళ్లు చాలా పట్టింపుగా ఉంటారు. యూనిఫారం ఉండదు. పట్టు లంగా వేసినా, జీన్స్ వేసినా సరే, బూట్లు మాత్రం అలవాటైనవే వేయండి.

ఇంటికి రాగానే పొట్లం విప్పనివ్వండి, అన్నం తర్వాత అని ఆపవద్దు. చుట్టాలు ఇచ్చే కార్డుల్లో తరచుగా డబ్బు ఉంటుంది. ఎవరిచ్చింది ఎంతో ఆ పూటే రాసుకుంటే ధన్యవాదాల కార్డులు రాయడం తేలిక. ఆ సాయంత్రమే టీచరు ఇచ్చిన కాగితాలు చదవండి. మొదటి వారం టైంటేబుల్, హోర్ట్ నుంచి బిడ్డను ఎవరు తీసుకెళ్తారో రాసి ఇవ్వాల్సిన ఫారం, తల్లిదండ్రుల తొలి సమావేశం తేదీ అందులోనే ఉంటాయి. ఆ ఫారంలో పేరు లేని మనిషి వస్తే, బాబాయి అయినా సరే, బిడ్డను పంపరు.